ఆరున్నొకటి

"లెక్కపెట్టమ్మా," అన్నాడు డాక్టరు.

మా అప్ప బల్ల మీద వెల్లకిలా పడుకుని ఉంది. మా వైపు అక్కను అప్ప అంటాం. ముక్కూ నోరూ కప్పుతూ తీగతో అల్లిన చిన్న ముసుగు పెట్టి, దాని మీద గుడ్డ పరిచారు. డాక్టరు చేతిలోని సీసా నుంచి ఆ గుడ్డ మీద మత్తిచ్చే ఈథర్ చుక్కచుక్కగా పడుతోంది. పడిన చుక్క పడినట్టే ఆవిరైపోతోంది. వాచిన కుడిచెయ్యి పక్కన ఒక పలక మీద కట్టి ఉంది. ఎడమచెయ్యి నా చేతిలో ఉంది. అప్పట్లో మా ఊరి ఆస్పత్రిలో రోగి చెయ్యి పట్టుకునే పని ఇంటివాళ్లకే అప్పగించేవారు.

"లాభం," అంది అప్ప, ముసుగు కింద నుంచి.

డాక్టరు నా వైపు చూశాడు. "ఒకటికి మా ఇళ్లలో అలాగే అంటామండి," అన్నాను.

"రెండు. మూడు. నాలుగు." గొంతు బరువెక్కుతోంది. "అయిదు." చాలాసేపటికి, "ఆరు." ఆ తర్వాత ఇంకా నెమ్మదిగా, "ఆరున్నొకటి."

ఆ మాట డాక్టరుకు తెలియదు. ఆయన తమిళుడు. మత్తు ఎంత దూరం ఎక్కిందో తెలుసుకోవడానికి ఆయనకు ఆ లెక్కే ఆధారం. లెక్క తడబడిందనుకుని, ఆమె చెవి దగ్గరకు వంగి, పిల్లలకు పాఠం చెప్పినట్టు, ఆప్యాయంగా అందించాడు.

"ఏడు. ఏడమ్మా, ఏడు."

అప్ప ఏడ్చింది.

అంతకు ముందు గానీ ఆ తర్వాత గానీ నేను అలాంటి ఏడుపు వినలేదు. అది గొంతులోంచి వచ్చింది కాదు, డొక్కల్లోంచి వచ్చింది. కాళ్లు కొట్టుకుంటుంటే ఆస్పత్రి ఆయా ఆమె మోకాళ్ల మీద పడి అదిమి పట్టుకుంది. నా వేళ్లు నలిగిపోయాయి. డాక్టరు చుక్కలు ఆపలేదు. ఆ ఏడుపు మధ్యలో, ఎవరో పక్కగదిలోంచి పిలుస్తుంటే బదులు చెప్పినట్టు, "వస్తన్నాను, నాయినా. వస్తన్నాను," అంది. రెండు మూడుసార్లు అంది. తర్వాత చెయ్యి వదులైపోయింది. ఊపిరి గాఢనిద్రలో ఉన్నట్టు సాగింది. డాక్టరు సీసా నర్సుకిచ్చి కత్తి అందుకున్నాడు.

ఇది యాభైల నడుమ, ఆంధ్ర రాష్ట్రం మద్రాసు నుంచి విడివడిన కొత్తలో జరిగింది. అప్పటికి నేను చోడవరం నుంచి ఒక దినపత్రికకు వార్తలు రాసి పంపేవాణ్ని. చూసిందీ, విన్నదీ, అనుకున్నదీ వేరువేరుగా ఉంచడం ఆ పనిలోనే అలవాటైంది. పై సంగతి నేను చూసింది. మిగతాది చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

అప్పను రావికమతం వైపు ఒక రైతు ఇంటికిచ్చాం. రెండో కాన్పుకు కూడా పుట్టింటికే వచ్చింది. వెంట కొడుకును తెచ్చుకుంది. వాడికి అప్పుడప్పుడే మాటలు పూర్తిగా వచ్చాయి. ఇంట్లో అందరినీ పేరుపెట్టి పిలిచేవాడు, మా నాన్నతో సహా. ఆడపిల్ల పుట్టింది. పురుడు ఇంకా వెళ్లకుండానే పిల్లవాడికి జ్వరం తగిలింది.

మా ఇంట్లో పురిటిగది వెనక ఉంది, పిల్లవాణ్ని పడుకోబెట్టింది ముందుగదిలో. మధ్యన ఒక్క తలుపు. జ్వరం పసిగుంటకు సోకుతుందని ఆ తలుపు మూశారు. వాడు "అమ్మా" అని పిలిచేవాడు. జ్వరం పెరిగేకొద్దీ ఎక్కువగా పిలిచేవాడు. అప్ప లేచి తలుపు దాకా వచ్చేది. తలుపుకు ఇవతల మా అమ్మ కూర్చునేది. అమ్మ రాతిమనిషేం కాదు. ఆ పిల్లవాణ్ని ఒళ్లో వేసుకుని తడిగుడ్డలు వేసింది ఆమే. కాని పురిటిగది కట్టుబాటు ఆమెకు వాళ్లమ్మ నుంచి వచ్చింది, దాన్ని దాటితే రెండో బిడ్డ కూడా పోతుందని నిజంగా నమ్మింది.

పిల్లవాడు పోయాడు. ఆ మాట అప్పకు చెప్పడానికి అమ్మ ఒక్కతే లోపలికి వెళ్లింది. నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. అమ్మ రెండు చేతులతో అప్ప మొహం పట్టుకుని చెప్పింది. వెంటనే, "ఏడవకే అమ్మా. బాలింతవి. ఏడిస్తే పాలింకిపోతాయి, సన్ని కమ్ముతాది. ఈ గుంట కోసమేనా ఏడవకు," అంది.

అప్ప ఏడవలేదు. చిన్నప్పటి నుంచీ అమ్మ మాట జవదాటని మనిషి ఆమె. ముందుగదిలో ఇంటిల్లిపాదీ గొల్లుమంటుంటే, వెనకగదిలో ఆమె గోడకు ఆనుకుని కూర్చుంది. పురుడు వెళ్లింది, నెలలు గడిచాయి, కట్టుబాటు తీరిపోయింది. అయినా ఏడవలేదు. ఏడవొచ్చని ఎవరూ చెప్పలేదు. అలా చెప్పాలని ఎవరికి తోస్తుంది?

ఇంటిపని అంతా చేసేది. పిలిస్తే పలికేది. కాని పిల్లకు పాలిచ్చేటప్పుడు మొహం గోడవైపు తిప్పుకునేది. పాలు తాగడం అయ్యాక బిందెను దించినట్టు కింద దించేది. కొన్నాళ్లకు, ఏడవకపోయినా, పాలు ఇంకిపోయాయి. అమ్మ ఆవుపాలు పట్టడం మొదలుపెట్టింది. దీపాలు పెట్టే వేళకు అప్ప చేస్తున్న పని ఆపి ముందుగది వైపు తల తిప్పేది. ఒకసారి ఏమిటని అడిగాను.

"పిలుస్తన్నాడు," అంది మామూలుగా, పొరుగువాళ్లు పిలుస్తున్నారన్నట్టు.

మా బావ వారం వారం వచ్చేవాడు. మాట కరుకు, మనసు మెత్తన. వచ్చినప్పుడల్లా పిల్లను ఎత్తుకుని పెరట్లో తిప్పేవాడు. వాళ్లింట్లో పెద్దవాళ్లు ఆ పిల్ల పుడుతూనే అన్నను మింగిందని అంటున్నారు. బావ అన్నగారికి పిల్లలు లేరు. తల్లి ఎత్తుకోని పిల్లను వాళ్లకు ఇచ్చేయమని ఇంట్లో ఒత్తిడి చేస్తున్నారు. బావ ఎంతకాలమో కాదన్నాడు. చివరికి ఒకరోజు అరుగు మీద కూర్చుని నాతో అన్నాడు:

"గానుగలాట అయ్యేదాకా సూస్తాన్రా. అప్పటికీ మీ అప్ప దాన్ని దగ్గరికి తియ్యకపోతే మా అన్నకిచ్చేస్తాను. ఎవులో ఒకరు అమ్మా అని పిలిపించుకోవాలి కదా ఆ గుంట సేత."

అప్ప లోపల నుంచి వినే ఉంటుంది. విన్నట్టు కనపడలేదు.

చెరకు ఆడే ఆ గానుగలాట రోజుల్లోనే చెయ్యి సంగతి బయటపడింది. బెల్లం వండే పొయ్యిలోకి చెరకు పిప్పి తోస్తుంటే అప్ప అరచేతిలో పేడు గుచ్చుకుంది. ఎవరికీ చెప్పలేదు. నొప్పి పుట్టనట్టే ఉంది. ఒకపూట నాకు ఎడమచేత్తో అన్నం వడ్డించింది.

"ఎడం సేత్తో వడ్డిస్తావేటే? వాడేటి, నీకు పగోడా?" అంది అమ్మ.

అప్ప కుడిచెయ్యి చీర చెంగులోంచి తీసి చూపించింది. అరచెయ్యి బూరెలా పొంగింది. వేళ్లు ముడుచుకుపోయి ఉన్నాయి.

డాక్టరు చూసి, ఇది రేపటి దాకా ఆగదన్నాడు. చీము లోతుకు దిగింది, వెంటనే కోయకపోతే వేళ్లు వంగవు, కోయాలంటే మత్తు ఇవ్వాలి. మత్తు అనగానే అమ్మ చేతులు జోడించింది.

"మత్తిస్తే మనిషి మారిపోతాదంట కదండీ బాబూ. అన్నీ మరిసిపోతారంట."

"మరిచిపోయేట్టయితే అమ్మా, మా ఇంట్లో అందరికంటే ముందు నేనే పీల్చేవాణ్ని," అన్నాడు డాక్టరు. ఆయన తెలుగు పుస్తకంలోంచి నేర్చుకున్నది, ప్రతి మాటా విడివిడిగా పలికేవాడు.

ఆయా మాత్రం అమ్మను పక్కకు తీసుకెళ్లి, "భయపడకు. నిరుడు మాడుగుల ముసలాయన ఒకాయన ఆ మత్తులో పెళ్లాం మీద హరికథ సెప్పేడు. మేమంతా ఇన్నాం. లేచేక సూస్తే ఒట్టి ముసలాయనే, ఒక్క ముక్క గుర్తు నేదు," అంది. అమ్మకు నవ్వొచ్చింది. ఆ నెలల్లో ఆమె నవ్వడం నేను చూసింది అదే.

ఈథర్ ఆవిరికి నిప్పు అంటుకుంటుందని, పరికరాలు మరగబెట్టే స్టవ్వును ఆయా వరండాలోకి మార్చింది. అమ్మ ఆ స్టవ్వు పక్కనే కూర్చుంది. నన్ను లోపలికి పిలిచారు.

ఇక లెక్క సంగతి. తెలుగువాళ్లకు వివరించనక్కరలేదు గాని, ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు. మా ఇళ్లలో ధాన్యం కొలిచినా, బెల్లం దిమ్మలు లెక్కపెట్టినా మొదటిదాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. ఏడు అనరు. అందులో ఏడుపు ఉంది. మా అమ్మా, అప్పా ఆరు తర్వాత ఆరున్నొకటి అని, ఎనిమిదికి వెళ్లిపోయేవారు. సగం మత్తులో కూడా అప్ప ఆ అంకెను జాగ్రత్తగా తప్పుకుని వెళ్లింది. డాక్టరు దాన్ని చెవిలో మూడుసార్లు పలికాడు. ఆయన అన్నది అంకె. ఆమెకు వినిపించింది అనుమతి.

చీము తీసి కట్టుకట్టడానికి ఎక్కువసేపు పట్టలేదు. అప్పను మంచం మీద పడుకోబెట్టాక వాంతులు అయ్యాయి. చాలాసేపటికి కళ్లు తెరిచి అమ్మను చూసింది. మాట ఇంకా ముద్దగానే ఉంది.

"అమ్మా, నువ్వు ఏడమన్నావు."

అమ్మ నా వైపు చూసింది. వరండాలో స్టవ్వు పక్కన కూర్చున్న మనిషి లోపల ఏమీ అనలేదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. కాని ఏడుపు ఆమె కూడా విన్నది. అమ్మ అప్ప నుదుటి మీద చెయ్యి వేసింది.

"అన్నానమ్మా," అంది. "నానే అన్నాను."

నా బతుకులో ఎందరో పెద్దమనుషుల మాటలు రాసుకున్నాను. అంతకంటే మంచి మాట వినలేదు.

ఆ తర్వాత అన్నీ ఒక్కసారిగా బాగుపడిపోలేదు. అప్ప చాలా నిద్రపోయింది. లేచినప్పుడు అన్నం అడిగింది. అది కొత్త. దీపాలు పెట్టే వేళ నేను ఆమెనే చూస్తూ కూర్చునేవాణ్ని. ఒకరోజు కూడా తల తిప్పలేదు. కట్టు విప్పడానికి ముందే, ఒక మధ్యాహ్నం, పిల్ల చాప మీద గుక్కపట్టి ఏడుస్తుంటే, అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచేలోగా అప్ప ఎడమచేత్తో దాన్ని నడుం మీదకు లాక్కుంది. ఎగేసి చూసింది.

"ఇంత బరువుందేటే ఇది? ఏటెట్టి మేపేవే అమ్మా, తెలగపిండేటి?"

అమ్మ పొయ్యి వైపే తిరిగి, "ఆఁ, దూడ గడ్డి కూడా ఎట్టేను," అంది. ఆమె వీపు కదులుతోంది. నవ్వో ఏడుపో నాకు కనపడలేదు.

గానుగలాట అయ్యాక బావ బండి కట్టుకుని వచ్చాడు. పిల్లను అన్నకు ఇవ్వడానికే వచ్చాడు, వాళ్లన్న భార్య చంటిపిల్లకని కొత్త బొంత కుట్టి పంపింది కూడా. వచ్చి చూస్తే పిల్ల తల్లి ఒళ్లో జుట్టు పీకుతూ ఉంది. బావ గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"అయితే నాను బండి ఎందుకు కట్టుకొచ్చినట్టు?" అన్నాడు చివరికి.

"బెల్లం ఏసుకెళ్లు," అంది అప్ప, తలెత్తకుండా. "బొంత మాత్రం ఇక్కడెట్టు. మీ వదిన సేతి కుట్టు బాగుంటాది."

బావ అరుగు మీదకు వచ్చి కూర్చుని, పైగుడ్డతో మొహం తుడుచుకుంటూ, "ఏం మందురా అది? మా ఎడ్లకి కూడా ఇప్పిస్తాను," అన్నాడు.

నిజానికి ఆ ప్రశ్న నాకూ ఉంది. పత్రికకు రాయాలని కాదు. ఇంటి సంగతి రాయలేదు, రాయాలనీ అనిపించలేదు. కట్టు మార్పించడానికి వెళ్లిన రోజు డాక్టరును అడిగాను.

ఆయన ఓపికగా చెప్పాడు. ఈథర్ పీల్చిన మనిషికి ముందు నొప్పి పోతుంది. తర్వాత పూర్తిగా నిద్రపోయేలోగా ఒక దశ వస్తుంది. మనం రోజంతా బిగించి పట్టుకున్నవన్నీ ఆ దశలో వదులవుతాయి. కొందరు నవ్వుతారు, కొందరు తిడతారు, పాడతారు, ఏడుస్తారు. అది మందు గుణం. లేచాక చాలామందికి అది గుర్తుండదు.

"మీరు పక్కన లేకపోతే ఆమె ఏడ్చిన సంగతి ఆమె ఇంట్లో ఎవరికీ ముఖ్యం అయ్యేది కాదు," అన్నాడు. "మాకు అది ప్రతిసారీ ఉండేదే."

అప్పుడు ఆరున్నొకటి సంగతి చెప్పాను. ఆయన పెన్ను బల్ల మీద పెట్టాడు.

"అయితే నేను ఆమెను ఏడవమన్నానా?"

"అన్నారండి."

"మా భాషలో కూడా ఆ అంకె ఇంచుమించు అలాగే ఉంటుంది," అన్నాడు. "కాని అందులో ఏడుపు లేదు."

ఆయనకు కోపం రాలేదు, నవ్వూ రాలేదు. కొన్నాళ్లకు ఆయా చెప్పింది: "మా డాక్టరు బాబు ఇప్పుడు ఆరు దాకానే లెక్కెట్టిస్తన్నారు. ఆరయ్యేక మళ్లీ మొదట్నించి ఎట్టమంటన్నారు. ఏటి బాబూ ఈ లెక్క?" రాష్ట్రం విడిపోయాక తమిళ ఉద్యోగులు ఒక్కొక్కరే మద్రాసుకు వెళ్లిపోతున్నారు. ఆయన కూడా ఆ ఏడాదే వెళ్లిపోయాడు. బస్సు దగ్గర అప్ప, పిల్లను చంకనేసుకుని, కుడిచేత్తో ఆయనకు నమస్కారం పెట్టబోయి, ఒక్క చేత్తో పెట్టకూడదని గుర్తొచ్చి, పిల్లను నాకిచ్చి రెండు చేతులూ జోడించింది. వేళ్లన్నీ తిన్నగా నిలబడ్డాయి. ఆయన ఆ వేళ్లనే చూశాడు.

నేను ఆ తర్వాత చాలా ఏళ్లు పత్రికల్లో పనిచేశాను. విశాఖపట్నంలో మత్తుమందు డాక్టర్లతో పరిచయాలు అయ్యాయి. ఈథర్ పోయింది, కొత్త వాయువులు వచ్చాయి. వాళ్లలో ఒకాయన చెప్పిన సంగతి నన్ను ఆలోచింపజేసింది. కొన్ని మత్తు వాయువులు నిద్ర పట్టించనంత కొద్దిగా ఇచ్చినా, ఆ సమయంలో చూసిన భయంకరమైన దృశ్యం మనసులో గట్టిగా నాటుకోదట. మామూలు విషయమూ భయపెట్టే విషయమూ ఒకే తీరున, పలచగా మిగులుతాయట. అప్ప సంగతి చెప్పి, ఇదీ అలాంటిదేనా అని అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. తాను చెప్పింది మత్తులో ఉండగా పడే ముద్ర గురించి, నెలల కిందట పడిన ముద్ర గురించి కాదన్నాడు. "అప్పటికే పడినదాన్ని ఆ ఒక్క ఈథర్ తుడిచిందంటే నేను ఒప్పుకోను. తుడవలేదని కూడా చెప్పలేను," అన్నాడు. నిజాయితీగల జవాబు. మా వృత్తిలో అలాంటి జవాబులు అచ్చుకు పనికిరావు గాని, నేను దాన్ని దాచుకున్నాను.

ఆ తమిళ డాక్టరుకు నేను ఋణపడి ఉన్నాను. ఆయన నేర్చుకున్న తెలుగుకు ఇంకా ఎక్కువ ఋణపడి ఉన్నాను. అమ్మ సంగతి వేరే. ఆ తర్వాత మా ఇంట్లో పురుళ్లు చాలా జరిగాయి. కట్టుబాట్లన్నీ ఆమె దగ్గరుండి జరిపించింది. ఏ బాలింతనూ ఏడవొద్దని ఆమె అనగా మాత్రం నేను మళ్లీ వినలేదు.

పిల్ల పెద్దదై, పెళ్లై, తానూ తల్లి అయింది. పురిటికి అప్ప దగ్గరికే వచ్చింది. ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం, మనవరాలికి ఊయల ఊపుతూ అప్ప నన్ను అడిగింది.

"ఒరే, వాడి గొంతు నీకు గుర్తుందేట్రా?"

ఎవరి గొంతని నేను అడగలేదు. "ఉందప్పా," అన్నాను.

"నాకు అన్నీ గుర్తున్నాయి. తలుపు గుర్తుంది. వాడు అమ్మా అని పిలిచేడని తెలుసు. పిలుపు మాత్రం ఇనపడదు. ఆ రోజు సెయ్యి కోసేరు సూడు, అప్పట్నించి నేదు."

"మంచిదే కదప్పా."

"మంచిదే," అంది. ఊయల ఊపుతూనే ఉంది. "ఆ పిలుపు ఇనపడతన్నన్నాళ్లు ఈ పిల్ల ఏడుపు నాకినపడలేదు. మంచిదే. కానీ ఒక్కసారి ఇనాలనుంటాది. ఎలాగుండేదో సెప్పరా."

చెప్పబోయాను. గొంతును మాటల్లో చెప్పడం నాకు చేతకాలేదు. ఆమె ఇంకో రెండుసార్లు, వేర్వేరు సంవత్సరాల్లో, అదే అడిగింది. ఆ పిలుపును తీసుకుపోయింది మత్తో, ఏడుపో, అమ్మ అన్న ఆ ఒక్క మాటో చెప్పగలిగినవాళ్లు నాకు ఎవరూ దొరకలేదు. అది ఆమెకు తిరిగి రాలేదు.